గజ్జి పుండ్లు మానాక కిడ్నీ ఎందుకు దెబ్బతింది? రోగనిరోధక శక్తి, వడపోత, శోథల గురించి ఒక వివరణ

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో రెండు వేర్వేరు జబ్బులు కలగలిసి ఉన్నాయి. కావలి దగ్గరి పల్లెలో ఉండే మీ తొమ్మిదేళ్ల అబ్బాయికి గజ్జి ముదిరి కాళ్ల మీద చీముపుండ్లు లేచాయి; మందు రాస్తే మానాయి. నాలుగు వారాల తర్వాత ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్లు మూసుకుపోయేంతగా ముఖం ఉబ్బింది, మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వచ్చింది. నెల్లూరులో చూపిస్తే ‘వాడి రోగనిరోధక శక్తే కిడ్నీని దెబ్బతీసింది’ అని చెప్పి, ఉప్పు తగ్గించమని, బీపీకి, నీరు దిగడానికి మందులిచ్చి పంపారు. ఇదే సమయంలో ఒంగోలులో ఇచ్చిన మీ చెల్లెలికి లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) వల్ల కిడ్నీ దెబ్బతిన్నదని బయాప్సీలో తేలింది. ఆమెకు రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు, మైకోఫినోలేట్ మొదలుపెట్టారు. చికిత్స కోసం ప్రస్తుతం మీ ఇంట్లోనే ఉంటున్నది. కాపాడవలసిన శక్తి కిడ్నీని ఎందుకు పాడుచేస్తుంది, ఒకే కారణం చెప్పి ఒకరికి స్టెరాయిడ్లు ఇచ్చి మరొకరికి ఎందుకు ఇవ్వలేదు, బంధువులు తెచ్చిన ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడి ఇద్దరికీ పెట్టవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు. ఇరవై ఏళ్లకు పైగా నెల్లూరులో కిడ్నీ జబ్బులే చూస్తున్నాను కనుక కొంచెం నిదానంగానే చెబుతాను.

ముందుగా ఒక మాట చిక్కు విప్పుకోవాలి. తెలుగులో మనం ముఖం ఉబ్బినా వాపే అంటాం, కిడ్నీ లోపల ఇన్‌ఫ్లమేషన్ వచ్చినా ‘కిడ్నీ వాచింది’ అనే అంటాం. మొదటిది ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోవడం. రెండవది తెల్ల రక్తకణాలు ఒకచోట చేరి అక్కడి కణజాలాన్ని దెబ్బతీయడం. మొదటిదాన్ని ఉబ్బు అనీ, రెండవదాన్ని శోథ అనీ ఇక్కడ రాస్తాను. మీ అబ్బాయికి రెండూ ఉన్నాయి. శోథ ఏమాత్రం లేకుండా ఒళ్లంతా ఉబ్బే కిడ్నీ జబ్బులు కూడా ఉన్నాయి. ఆ తేడా ఎందుకు వస్తుందన్నదే ఈ సమాధానానికి ఆయువుపట్టు.

రెండు కిడ్నీలూ కలిపి తూచినా దాదాపు 300 గ్రాములే, అంటే మన బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో అయిదో వంతు, నిమిషానికి సుమారు ఒక లీటరు, వాటిలోకే వెళుతుంది. ఒక్కొక్క కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలు ఉంటాయి. వాటిని గ్లోమెరులస్‌లు అంటాం. ఒక్కొక్కటి కంటికి ఆనీ ఆననంత ఎర్రటి చుక్క, నిజానికి సన్నని రక్తనాళాల ఉండ. ఆ నాళాలలో రక్తపీడనం ఒంట్లోని మిగతా సన్న నాళాలలో ఉండేదానికి దాదాపు రెండింతలు. ఆ ఒత్తిడితోనే ఆరోగ్యవంతుడైన పెద్దమనిషిలో రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టబడి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది, మిగిలినది తిరిగి రక్తంలో కలుస్తుంది. మన ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లే కనుక, అదే ప్లాస్మా రోజుకు అరవై సార్లు ఈ జల్లెడ గుండా పోతున్నదన్నమాట.

సోమశిల నుంచి నీళ్లు వదిలినప్పుడు మీ కావలి కాలువ తూముల దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎక్కడో పైన కొట్టుకువచ్చిన గుర్రపుడెక్క, గడ్డీ గాదమూ, కొబ్బరి మట్టలూ అన్నీ తూము కమ్ముల దగ్గరే ఆగుతాయి. చెత్తకు తూము మీద పగేమీ లేదు. నీళ్లన్నీ అక్కడినుంచే పోవాలి, కమ్ములు అక్కడే ఉన్నాయి, అంతే. కిడ్నీ విషయంలో చాలా సందర్భాల్లో జరిగేది ఇదే. రోగనిరోధక వ్యవస్థ కిడ్నీని శత్రువుగా గుర్తించి దాడికి దిగే జబ్బులు ఉన్నాయి కానీ అవి తక్కువ. ఎక్కడో చర్మంలోనో గొంతులోనో జరిగిన పోరాటపు శిథిలాలు వచ్చి జల్లెడలో చిక్కుకోవడం, అలా చిక్కుకున్నవాటిని తొలగించడానికి వచ్చిన కణాలు జల్లెడనే చించడం ఎక్కువ. మీ అబ్బాయిది ఈ రెండో రకం. మీ డాక్టరు గారు చెప్పిన మాట తప్పు కాదు, కానీ ఆ ఒక్క వాక్యం వింటే ‘వీడి ఒంట్లో ఏదో తేడా ఉంది’ అన్న భయం ఎవరికైనా కలుగుతుంది. అటువంటిదేమీ లేదు.

ఈ పోరాటానికీ కిడ్నీ దెబ్బతినడానికీ మధ్య వారాల వ్యవధి ఎందుకు? వంద ఏళ్ల క్రితం వైద్యులను కూడా ఈ ప్రశ్నే తొలిచింది. ఆ రోజుల్లో డిఫ్తీరియా వచ్చిన పిల్లలకు గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేవారు. ఎక్కించినప్పుడు బాగానే ఉన్న పిల్లలలో కొందరికి వారం పది రోజులు గడిచాక జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, ఉబ్బు వచ్చేవి. వియన్నాలో పనిచేసిన క్లెమెన్స్ వాన్ పిర్కే, బేలా షిక్ 1905లో ఈ ‘సీరం జబ్బు’ను వివరించారు. సీరం విషం కావడం వల్ల ఈ జబ్బు రావడం లేదు, ఒళ్లు ఆ సీరానికి విరుగుడు పదార్థాలు తయారుచేసుకోవడానికి పట్టే కాలమే ఆ వ్యవధి అన్నది వారి ఊహ. అది నిజమని తేలింది. చర్మపు పుండ్లలో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాకు మీ అబ్బాయి ఒళ్లు యాంటీబాడీలు, అంటే అటువంటి విరుగుడు పదార్థాలు, తయారుచేసింది. పుండ్లు మానడంలో వాటికీ పాత్ర ఉంది. బ్యాక్టీరియా ముక్కలూ యాంటీబాడీలూ జతకట్టి ఏర్పడిన ముద్దలు కొన్ని రక్తంలో తిరుగుతూ వచ్చి జల్లెడలో దిగాయి, కొన్ని ముక్కలు ముందే అక్కడ అంటుకుని ఉంటే యాంటీబాడీలు తర్వాత వచ్చి చేరాయి. గొంతు నొప్పి తర్వాత అయితే ఈ జబ్బు ఒకటి నుంచి మూడు వారాల్లో, చర్మపు పుండ్ల తర్వాత అయితే మూడు నుంచి ఆరు వారాల్లో బయటపడుతుంది. మన వైపు పిలకాయల్లో గొంతుకంటె గజ్జి పుండ్ల తర్వాతే ఎక్కువగా చూస్తుంటాను. పుండ్లు మానిపోయాయి కదా అని తల్లిదండ్రులు ఆ సంగతి చెప్పనే చెప్పరు. నేను ప్యాంటు పైకి మడిచి కాళ్లు చూస్తాను, నల్లటి మచ్చలు కనిపిస్తాయి.

ఇప్పుడు జల్లెడ నిర్మాణం. దానికి మూడు పొరలు. రక్తం వైపు ఉన్నది సన్నని రంధ్రాలున్న నాళపు లోపలి పొర. మధ్యది కొల్లాజెన్‌తో అల్లిన చాప లాంటి పొర. బయట, అంటే మూత్రం వైపు, పోడోసైట్లు అనే కణాలు తమ కాలివేళ్లను ఒకదానిలో ఒకటి దూర్చి కూర్చుంటాయి. ఆ వేళ్ల మధ్య సందులను నెఫ్రిన్ వంటి ప్రోటీన్లతో అల్లిన సన్నని తెర మూసి ఉంచుతుంది. నీరూ ఉప్పూ యూరియా దాటిపోతాయి. ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు, రక్తకణాలు ఆగిపోతాయి. పోడోసైట్ల గురించి ఒక చేదు నిజం ఏమిటంటే, పోయిన పోడోసైట్ స్థానంలో మరొకటి పుట్టడం దాదాపు లేదు.

యాంటీబాడీ ముద్దలు ఏ పొరలో దిగాయన్నదాని మీదే మిగతా కథంతా ఆధారపడుతుంది. యాంటీబాడీ ఎక్కడ అంటుకుంటే అక్కడ కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరుస ఒకదాన్నొకటి రాజేసుకుంటుంది. ఆ మంటలోనుంచి సి3ఏ, సి5ఏ అనే చిన్న ముక్కలు వెలువడి, ‘ఇక్కడికి రండి’ అని తెల్లకణాలను పిలుస్తాయి. ముద్దలు రక్తం వైపు, లోపలి పొర కిందనో నాళాల నడుమ ఉండే మెసాంజియల్ కణాల దగ్గరో దిగితే, ఆ పిలుపు నేరుగా పారే రక్తంలో కలుస్తుంది. న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లకణాలు గుంపుగా దిగి ఎంజైములు చల్లుతాయి. నాళాలు ఇరుకవుతాయి, వడపోత తగ్గుతుంది, పొర చిరిగి ఎర్రకణాలు మూత్రంలోకి జారుతాయి. ఎర్రటి మూత్రం, బీపీ, ఉబ్బు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపవలసిన వ్యర్థం) పెరగడం అన్నీ దీని పర్యవసానాలే. అవే ముద్దలు మూత్రం వైపు, పోడోసైట్ల కింద ఏర్పడితే కథ వేరు. అక్కడ పుట్టిన పిలుపు రక్తానికి చేరదు, మూత్రంలో కొట్టుకుపోతుంది. తెల్లకణాలు రావు, శోథ ఉండదు. కానీ కాంప్లిమెంట్ వరుసలో చివర ఏర్పడే సి5బి-9 పోడోసైట్ పొరలోకి దిగబడి దాన్ని చంపకుండానే కుంటిదాన్ని చేస్తుంది; వేళ్లు చదునైపోతాయి, తెర చిరుగుతుంది, ఆల్బుమిన్ ధారగా పోతుంది. ఆ మనిషికి ఎర్రటి మూత్రం ఉండదు; నురగ ఉంటుంది, సబ్బు నీళ్లలా. కాళ్లు నొక్కితే గుంట పడుతుంది. క్రియాటినిన్ చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు.

రంగు వస్తే లోపలి వైపు, నురగ వస్తే బయటి వైపు అని నేను జూనియర్లకు చెబుతుంటాను. దీనికి మినహాయింపులు ఉన్నాయి. మీ అబ్బాయి జబ్బులోనే కొన్ని ముద్దలు చివరికి బయటి వైపు మూపురాల్లా కనిపిస్తాయి, అయినా అది శోథ జబ్బే, ఎందుకంటే మొదట మంట రాజుకున్నది లోపలి వైపు. లూపస్ రెండు వైపులా దిగగలదు.

ఇదంతా పుస్తకంలో మాటలా అనిపిస్తే, ఒక్క స్లైడు చూస్తే చాలు. ఉదయం పట్టిన మూత్రాన్ని గంట దాటకుండా తెమ్మంటాను. ఆలస్యమైతే కణాలు కరిగిపోతాయి. అయిదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీరు పారబోసి, అడుగున మిగిలిన చుక్కను గాజుపలక మీద వేసి చూస్తాను. రాయి వల్లనో మూత్రాశయం నుంచో వచ్చిన రక్తమైతే ఎర్రకణాలు గుండ్రంగా, ఒక్క తీరుగా ఉంటాయి. చిరిగిన జల్లెడ సందులోంచి ఇరుక్కుని వచ్చినవి వంకర్లు పోయి, కొన్నిటికి ఎలుక చెవుల్లాంటి బుడిపెలు ఉంటాయి. ఇంకా ఓపిగ్గా వెతికితే ఇటుక రంగులో, మురుకు ముక్కలాగా, ఎర్రకణాలు కూరిన గొట్టం ఒకటి దొరుకుతుంది. ఆ గొట్టానికి జిగురు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్. 1950లో టామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు దాన్ని కనుగొన్నారు. కిడ్నీ నాళికలే (జల్లెడ దాటిన ద్రవం పారే సన్నని కాలువలు) తయారుచేసే ఆ ప్రోటీన్ మామూలు రోజుల్లో మూత్రంలో చేరిన బ్యాక్టీరియాను చుట్టేసి బయటికి తోస్తుంది. అంటే కిడ్నీ కూడా రక్షణ వ్యవస్థలో ఒక భాగమే, వడకట్టి ఊరుకునే యంత్రం మాత్రమే కాదు. అటువంటి గొట్టం ఒక్కటి కనిపిస్తే రక్తం గ్లోమెరులస్ నుంచే వచ్చిందని చెప్పడానికి స్కానింగు అవసరం లేదు. ‘మూత్రంలో రక్తం’ అని చీటీ మీద చూడగానే ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు రాయడం మన దగ్గర తరచుగా చూస్తున్నాను. నేనూ కొత్తలో ఆ పొరపాటు చేశాను. సైదాపురం వైపు తెల్లరాయి క్వారీలో పనిచేసే ఒకాయనకు పది రోజులు అటువంటి మందులిచ్చాను. తిరిగి వచ్చేసరికి క్రియాటినిన్ 2 నుంచి 6 దాటింది. ఆయనది ఆంకా వాస్క్యులైటిస్. అందులో యాంటీబాడీలు జల్లెడకు అంటుకోవు, న్యూట్రోఫిల్స్‌నే రెచ్చగొట్టి సన్నని నాళాలను పగలగొట్టిస్తాయి. సిలికా ధూళికీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నదని అధ్యయనాలలో తేలింది కనుక, అప్పటినుంచి ఎవరొచ్చినా ఏం పని చేస్తావయ్యా అన్నది నా మొదటి ప్రశ్న.

ఇక మీ అబ్బాయి సంగతి. వాడికి స్టెరాయిడ్లు ఎందుకు ఇవ్వలేదంటే, మంట రాజేసిన కట్టె అయిపోయింది. పుండ్లు మానాయి, బ్యాక్టీరియా లేదు, కొత్త ముద్దలు తయారుకావడం లేదు. ఉన్నవాటిని మెసాంజియల్ కణాలూ, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లనే కణాలూ ఊడ్చేస్తాయి. ఆ కొద్ది వారాలు ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరిగి మెదడుకో గుండెకో ముప్పు రాకుండా కాచుకోవడమే చికిత్స. పిల్లల్లో అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు. ఈ జబ్బును గుర్తుపట్టడానికి రక్తంలో సి3 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్ చూస్తాం. కాంప్లిమెంట్ ఖర్చయిపోయింది కనుక అది పడిపోయి ఉంటుంది, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తిరిగి మామూలవుతుంది. ఆ గడువు బాగా దాటినా సి3 పెరగకపోతే ఇది మామూలు జబ్బు కాదేమో, కాంప్లిమెంట్‌నే అదుపులో పెట్టలేని మరో జబ్బో లూపసో అని అనుమానించి బయాప్సీ ఆలోచిస్తాం. స్ట్రెప్టోకాకస్ యాంటీబాడీలను చూసే ఏఎస్ఓ పరీక్ష మామూలుగా వచ్చిందని మీరు రాశారు. దానివల్ల రోగనిర్ధారణ తప్పని అనుకోవద్దు. చర్మపు పుండ్ల తర్వాత ఏఎస్ఓ చాలామందిలో పెరగదు, యాంటీ డిఎన్ఏస్-బి అనే పరీక్ష పెరుగుతుంది. కంటికి కనిపించని రక్తం సూక్ష్మదర్శినిలో ఒకటి రెండేళ్ల వరకు కనిపించవచ్చు. ప్రోటీన్ తగ్గుతూ, బీపీ మామూలుగా ఉన్నంతవరకు అది కంగారుపడే విషయం కాదు. ఈ జబ్బు మళ్లీ రావడం అరుదు.

మీ చెల్లెలి విషయం అలా కాదు. లూపస్‌లో యాంటీబాడీల గురి బయటి బ్యాక్టీరియా మీద కాదు, సొంత కణాల కేంద్రకాల మీద. ఆ కట్టెకు అంతులేదు. కణాలు రోజూ చస్తూనే ఉంటాయి, కేంద్రక పదార్థం రోజూ రక్తంలోకి వస్తూనే ఉంటుంది. అందువల్ల మంట దానంతటదే ఆరుతుందని కూర్చుంటే కిడ్నీ మిగలదు. ఆమెకు బయాప్సీ ఎందుకు చేశారని మీరు కొంచెం నిష్ఠూరంగానే రాశారు. రోగిని బోర్లా పడుకోబెట్టి, మత్తుసూది వేసి, అల్ట్రాసౌండులో చూస్తూ స్ప్రింగు సూదితో నూలుపోగంత ముక్కలు రెండు తీస్తాం. ‘టప్’ మన్న చప్పుడు, అంతే. భూతద్దంతో చూస్తే ఆ పోగు మీద గ్లోమెరులస్‌లు ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి. చాలినన్ని లేకపోతే ఇంకో ముక్క తీస్తాం. ఒకటి ఫార్మాలిన్‌లో, రెండోది ప్రత్యేక ద్రవంలో వేసి మా దగ్గర నుంచి చెన్నైకి పంపుతాం. అక్కడ చీకటి గదిలో, వెలుగులీనే రంగు పూసి చూస్తారు. యాంటీబాడీలు ఇసుక చల్లినట్టు పచ్చటి చుక్కలుగా కనిపిస్తే జల్లెడలో అక్కడక్కడా చేరిన ముద్దలు. రిబ్బను గీసినట్టు ఎడతెగని గీతగా కనిపిస్తే మధ్య పొర మీదే నేరుగా గురిపెట్టిన యాంటీబాడీ, అంటే అత్యవసరం. ఐజిఎ అనే రకం యాంటీబాడీ ఒక్కటే మెసాంజియంలో (నాళాల నడుమ) వెలిగితే ఐజిఎ నెఫ్రోపతి. 1968లో పారిస్‌లో జాన్ బెర్జే, నికోల్ ఇంగ్లే మొదటిసారి చూపించిన ఆ జబ్బులో, గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రబడుతుంది, వారాల వ్యవధి ఉండదు. లూపస్‌లో ఐజిజి, ఐజిఎ, ఐజిఎం అనే యాంటీబాడీలు, సి3, సి1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు అన్నీ కలిసి వెలుగుతాయి.

అయితే బయాప్సీలో నేను పేరుకంటె ముందు చూసేది మరొకటి: ఎంత మంట, ఎంత మచ్చ. తెల్లకణాలు, చీలిన పొరలు, నెలవంకలా పేరుకున్న కణాలు కనిపిస్తే అవి మంట, మందుతో ఆర్పవచ్చు. గ్లోమెరులస్ గట్టిపడి ముద్దయిపోయి, నాళికల మధ్య నారపదార్థం పేరుకుంటే అది మచ్చ. ఎన్ని స్టెరాయిడ్లు పోసినా తిరిగిరాదు. క్రియాటినిన్ ఒకటే అంకె చూపించినా ఒకరిలో అంతా మంట, మరొకరిలో అంతా మచ్చ ఉండవచ్చు. ఒకరికి గట్టి మందులు ప్రాణం పోస్తాయి, రెండోవారికి ఇన్‌ఫెక్షన్లు తప్ప మరేమీ ఇవ్వవు. ఇది తెలుసుకోవడానికి సూది తప్ప వేరే దారి ఇప్పటికీ లేదు. మీ చెల్లెలి రిపోర్టులో ‘నాలుగో తరగతి’ అని ఉందన్నారు. అంటే సగం లేదా అంతకు మించి గ్లోమెరులస్‌లలో మంట ఉన్నదని. మచ్చ తక్కువ అని కూడా రాశారు కనుక, గట్టిగా మందులు వాడడానికి ఇదే అదను.

ఆ మందుల గురించి కొన్ని జాగ్రత్తలు. స్టెరాయిడ్‌ను, ముఖం గుండ్రమైందని, చుట్టుపక్కలవాళ్లు ఏదో అన్నారని ఒక్కసారిగా మానేయకూడదు. వారాల తరబడి వాడినప్పుడు అడ్రినల్ గ్రంథి సొంతంగా కార్టిసాల్ చేయడం మానుకుంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మైకోఫినోలేట్ లింఫోసైట్లు అనే తెల్లకణాలు సంఖ్య పెంచుకోకుండా అడ్డుకుంటుంది, కానీ గర్భంలో బిడ్డకు అంగవైకల్యాలు తెస్తుంది. పిల్లలు కావాలనుకుంటే కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, అజాథయోప్రిన్ వంటి వేరే మందుకు మార్చాలి; ఈ సంగతి అత్తగారింటికి కూడా తెలియాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం లూపస్‌లో మానకూడని మందు, ఏటా కంటి పరీక్షతో. బీపీ అంతగా లేకపోయినా టెల్మిసార్టాన్ లాంటి మందు ఎందుకిచ్చారని అడిగారు. అది జల్లెడ లోపలి ఒత్తిడిని తగ్గించి ప్రోటీన్ కారడాన్ని తగ్గిస్తుంది. కారిన ప్రోటీన్ నాళికలకు చేరినప్పుడు అక్కడి కణాలు మళ్లీ శోథ సంకేతాలు పంపుతాయి కనుక, ప్రోటీన్‌ను తగ్గించడమంటే రెండో విడత మంటను ఆపడమే.

నాళికల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. రోగనిరోధక వ్యవస్థ జల్లెడను వదిలి నాళికల మధ్య ప్రాంతాన్ని పట్టుకునే సందర్భాలూ ఉన్నాయి. ఎక్కువగా మందుల అలర్జీ వల్ల. డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు, కొన్ని యాంటీబయాటిక్స్, గ్యాస్‌కని నెలల తరబడి వాడే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ కూడా దీనికి కారణం కాగలవు. ఇందులో సాధారణంగా రంగూ ఉండదు, నురగా ఉండదు. ఆకలి మందగించి క్రియాటినిన్ మెల్లగా పెరుగుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు మెట్ట పల్లెల నుంచి వచ్చేవారి సంచుల్లో నొప్పి బిళ్లలు నాకు ఎప్పుడూ దొరుకుతాయి. ఆ ప్రాంతంలో నీటి ఫ్లోరైడ్ కథ పాతది. ఆ ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937 నాటికే, ఈ జిల్లా పల్లెల ఫ్లోరోసిస్ వైద్య పత్రికలకు ఎక్కింది. ఎముకల నొప్పికి బిళ్ల, బిళ్లతో కిడ్నీకి దెబ్బ. మీ చెల్లెలికి కీళ్ల నొప్పులు ఉన్నా ఆ బిళ్లలు వద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

ఇప్పుడు ఆ పొడి. ఇద్దరికీ వద్దు. రోగనిరోధక శక్తి ‘తక్కువై’ ఈ జబ్బులు రాలేదని ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. మీ అబ్బాయిలో ఆ శక్తి తన పని చేసింది. మీ చెల్లెలిలో అది అదుపు తప్పింది, మేము ఖరీదైన మందులతో దాన్ని అణుస్తున్నాం. ఒక చేత్తో మంటను ఆర్పుతూ రెండో చేత్తో కిరోసిన్ పోయడం ఏం తెలివి? పొడి నిజంగా రోగనిరోధక శక్తిని ఎగదోస్తుందా అన్నది వేరే సంగతి. ఇటువంటి పొడుల్లో తరచుగా కలిపే తిప్పతీగ వాడిన కొందరిలో సొంత ఒంటి మీదే దాడిచేసే తరహా కాలేయ జబ్బు కనిపించిందని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. నాకు అంతకంటె పెద్ద భయం పాదరసం. మూత్రం వైపు దెబ్బతినే జబ్బుల్లో ముఖ్యమైనది మెంబ్రేనస్ నెఫ్రోపతి. అందులో చాలామందికి పోడోసైట్ మీది పిఎల్ఏ2ఆర్ అనే ప్రోటీన్ మీద యాంటీబాడీ ఉంటుందని 2009లో బోస్టన్ పరిశోధకులు కనుగొన్నారు. అది కాక నెల్-1 అనే ప్రోటీన్‌తో వచ్చే రకం ఒకటుంది (పేరు చూసి నెల్లూరు జబ్బా అని ఒక రోగి అడిగాడు, మన ఊరికీ దానికీ ఏ సంబంధమూ లేదు). ఈ రకాన్ని దక్షిణాది వైద్యులు పాదరసం కలిసిన నాటు మందులు వాడినవారిలో, తర్వాత కేరళలో తెల్లబడే క్రీములు రాసుకున్నవారిలో గుర్తించారు. వాడకం ఆపితే చాలామందిలో ప్రోటీన్ తగ్గుముఖం పట్టింది. డబ్బా మీద ఏమేమి కలిపారో రాయని పొడిని, అందులో భస్మం ఉందో లేదో తెలియకుండా, ఇప్పటికే జల్లెడ చిరిగిన మనుషులకు పెట్టకండి.

ఇంట్లో చూసుకోవలసినవి. అబ్బాయికి రోజూ ఒకే వేళ బరువు చూడండి. నంజుకునే ఊరగాయ, అప్పడం, చిప్స్, ఎండుచేపలు ఉబ్బు తగ్గేదాకా ఆపండి. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం వీటిలో ఏది వచ్చినా రాత్రని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎనిమిదో వారంలో సి3, మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. చెల్లెలికి 100 డిగ్రీలు దాటిన జ్వరం వస్తే మందుల షాపులో బిళ్లతో సరిపెట్టకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. జీవమున్న టీకాలు ఆమెకు పనికిరావు, ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు మాత్రం అడిగి వేయించండి.

మీ లేఖలో ఒక వాక్యం నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపింది: చిన్నపాప కూడా రాత్రిళ్లు వేళ్ల సందుల్లో గోక్కుంటున్నదని యథాలాపంగా రాశారు. అంటే గజ్జి ఇంట్లోంచి పోలేదు. గజ్జి పురుగులు మామూలు మనిషిలో సాధారణంగా పది పదిహేనుకు మించి ఉండవు; స్టెరాయిడ్లూ మైకోఫినోలేట్ వాడే మనిషికి అంటుకుంటే అదుపు లేక వేలకొద్దీ పెరిగి, చర్మం పక్కులు కట్టి, ఆ పగుళ్లలోంచి బ్యాక్టీరియా రక్తంలోకి చేరవచ్చు. కనుక ఈ వారమే, దురద ఉన్నవారూ లేనివారూ అని చూడకుండా, ఇంట్లో అందరూ ఒకే రాత్రి అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల వరకు, గోళ్ల కింద, బొడ్డులో కూడా రాసుకుని, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచుకుని స్నానం చేయండి. దుప్పట్లు, తువ్వాళ్లు, మూడు రోజులుగా కట్టిన బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. వారం రెండు వారాల మధ్య మళ్లీ ఒకసారి అందరూ రాసుకోవాలి. దురద ఆ తర్వాత కూడా రెండు మూడు వారాలు ఉంటుంది, అది పురుగు మిగిలిందని కాదు. అంతవరకు చెల్లెలి పడకా, తువ్వాలూ వేరుగా ఉంచండి, పాపను ఆమె పక్కన పడుకోబెట్టకండి.